తొమ్మిదిలో నాలుగు

డబ్బులు నాలుగు కిటికీలకే వచ్చాయి.
ఇంటికి ఉన్నవి తొమ్మిది.
ఏ నాలుగో తేల్చుకోవడానికి లొరెట్ హౌగెన్‌కి
సెప్టెంబరంతా పట్టింది.
రాత్రిళ్లు కొవ్వొత్తి పట్టుకుని
ఒక్కో చట్రం దగ్గరా నిలబడేది,
మంట వణికిన చోటల్లా ఒక గీత
కరెంటు బిల్లు వెనకాల.
పడమటివి మూడు, వంటగదిది ఒకటి.
బాత్రూముది ఈ ఏడూ ప్లాస్టిక్ కాగితంతోనే.

డెబ్బై నాలుగులో ఏదో ఫ్యాక్టరీలో పుట్టి
లారీ తోక పట్టుకుని వయోమింగ్‌కి వచ్చిన ఇల్లు.
చక్రాలు ఇంకా కిందే ఉన్నాయి,
టైర్ల చాటున కుందేళ్ల కాపురం.
వచ్చాక ఎటూ కదల్లేదు.
అయినా గాలి లేచిన ప్రతిసారీ
బయల్దేరుదామా అన్నట్టు
కిటికీలన్నీ గడగడలాడేవి.

శనివారం తెల్లారేసరికి డ్వేన్ వచ్చాడు
డ్రిల్లు, రంపం, రసమట్టం,
తన కాఫీ తనే తెచ్చుకుని.
విడాకులై పద్దెనిమిదేళ్లు.
ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు.
వీళ్లు రెండూ చూసేశారు,
మిగిలింది కిటికీలు.

పక్కింటిదాన్ని నేను.
ఊడదీసిన మరలకి డబ్బా పట్టుకుని నిలబడ్డాను.

మొదటి చట్రం చుట్టూ ముప్పై రెండు.
ఇరవై తిరిగాయి.
తొమ్మిదింటికి తలలు అరిగి గుండు కొట్టించుకున్నట్టున్నాయి.
మూడింటికి పట్టుకోవడానికి చెక్కే లేదు,
వేలితో తాకితే పిండిలా రాలింది.

"ఎవడు మెత్తాడు ఇంత లప్పం?
ఎద్దుని గోడకి అతికించొచ్చు దీంతో"
అన్నాడు, గోకుతూ గోకుతూ.
"నువ్వే" అంది లొరెట్, తల ఎత్తకుండా.
"తొంభై ఒకటి. వడగళ్లు పడ్డ మర్నాడు."
తర్వాత చాలాసేపు డ్రిల్లే మాట్లాడింది.

గోడ ఎంత పల్చనో అప్పుడు చూశాను.
బయట రేకు, లోపల అట్టలాంటి చెక్క,
మధ్యన నా బొటనవేలంత గులాబీరంగు దూది.
దూదిలో ఎలుక దాచుకున్న పొద్దుతిరుగుడు గింజలు,
ఒక నీలం గుండీ.
ఇంతేనా!
దీన్ని అడ్డం పెట్టుకునేనా
ముప్పై ఎనిమిది చలికాలాలు?

కిటికీ పోయిన కంతలోంచి
మైదానం మొత్తం అడక్కుండా లోపలికొచ్చింది.
సేజ్ పొదల ఘాటు, ఎక్కడో గూడ్సు బండి కూత,
సోఫా మీద సన్నటి ఎర్ర దుమ్ము.
గోడమీది క్యాలెండరు తనంతట తనే
డిసెంబరు దాకా వెళ్లొచ్చింది.

కొత్తది ఎత్తి పెడితే ఇమడలేదు.
కొలత తప్పు కాదు.
రసమట్టంలో బుడగ ఎడమకి జారి
అక్కడే కూర్చుంది.
"ఇల్లు ఒరిగింది" అన్నాడు.
"ఎప్పుడూ అంతే" అంది.
"నువ్వు పల్లం వైపు పడుకునేవాడివి, తెలీలేదు."

ఇక పెద్ద వాదన.
భూమికి నిటారుగా బిగించాలా,
ఇంటితో పాటు వంచి బిగించాలా?
పెన్సిలు చెవి మీంచి తీసి, మళ్లీ పెట్టి,
ఆయన భూమి వైపే మాట్లాడాడు.
ఆమె విన్నదంతా విని,
"నేనుండేది ఇంట్లో" అంది.

చీకటి పడేలోగా మూడయ్యాయి.
వంటగదిది రేపు, మంచు ముందే రాకపోతే.
చెక్కు ఇవ్వబోతే తీసుకోలేదు.
చికెన్ పై గిన్నె తీసుకున్నాడు.
గిన్నె తిరిగివ్వాలని రెండుసార్లు చెప్పింది,
రెండోసారి ట్రక్కు దాకా వెళ్లి.

ఊడిన పాత కిటికీలు కంచెకి ఆనుకుని
తలో ముక్క ఆకాశం పట్టుకుని నిలబడ్డాయి.
వాటితో టమాటా నారుకి గూడు కడుతుందట, వసంతంలో.

రాత్రి పదకొండింటికి ఫోను.
"ఒకసారి రా. ఏదో చప్పుడు."
కోటు మీద కోటు వేసుకుని వెళ్లాను.
బయట గాలి నన్ను మెట్ల మీదే రెండుసార్లు తోసింది.
లోపల ఏమీ లేదు.
నిజంగా ఏమీ లేదు.
పడమటి గోడ నోట్లో నీళ్లు పోసుకున్నట్టుంది.

అప్పుడు వినిపించింది, సన్నగా, ఆగకుండా.
ఇద్దరం చెవులు రిక్కించుకుంటూ
గది గదీ వెతుక్కుంటూ పోతే,
ఫ్రిజ్.

"ఇన్నేళ్లూ ఇలా మూలుగుతూనే ఉందా ఇది?"
తలుపు మీద చెయ్యేసి నిలబడింది,
జ్వరం చూస్తున్నట్టు.

బాత్రూములో ప్లాస్టిక్ కాగితం
ఒక్కసారి ఉబ్బి, మెల్లగా దిగింది.